కండ్లు పెట్టని బొమ్మ

మా ఇంట్లో తోలుబొమ్మకు కండ్లు ఆఖరున పెడతారు. మేకతోలు మీద గీతలు గీసి, ఉలితో చిల్లులు పొడిచి, రంగులు వేసినాక కూడా అది ఉత్త తోలే. ఇంటిపెద్ద తలస్నానం చేసి, పరగడుపున కూర్చుని కండ్లు పొడిస్తేనే దానికి ప్రాణం వస్తుంది. ఆ పని నాయనది. మొగాలు గీయడం, రంగులు వేయడం నా వంతు.

పదేళ్ల కిందట బెంగుళూరు హోటలు వాళ్లు గోడకు తగిలించే పెద్ద బొమ్మ కావాలన్నారు. ఒకప్పుడు మా సీమనేలిన పాళెగాని కూతురు, ఆమె ప్రేమించిన గుర్రాలవాడు వాటేసుకుని ఉండాలి. ఆ ఇద్దరినీ తండ్రే చంపించాడని మావైపు అందరికీ తెలుసు. ఆ కథ విని కన్నీళ్లు పెట్టుకునేవాళ్లే, ఇంట్లో ఆడపిల్ల నోరెత్తితే పళ్లు రాలగొడతారు. నాయన కొట్టే మనిషి కాదు గానీ, వినే మనిషి కూడా కాదు.

అప్పటికి నేను గుంతకల్లులో రైల్వే పని చేసే ఒకతన్ని ప్రేమించాను. చర్చికి పోయే ఇల్లు వాళ్లది. ఫోనులో ఫోటో చూపిస్తే నాయన ఒక్క మాటే అన్నాడు: "నేను సచ్చినాక చేసుకో."

ఇంతలో అతనికి బదిలీ వచ్చింది. ఆదివారం రైలుకు వస్తావా రావా తేల్చమన్నాడు. నాకు అన్నం సయించేది కాదు. ఏడవడానికి కూడా ఇంట్లో చాటు లేదు.

పిచ్చి ఆశ చూడండి, గుర్రాలవానికి అతని మొగం గీశాను, ఎడమ కనుబొమ మీది గాటుతో సహా. తన చేత్తో ప్రాణం పోసిన మనిషిని నాయన కాదనలేడనుకున్నాను. కండ్లు పెట్టే రోజు దాకా ఆ మొగం మీద గుడ్డ కప్పి ఉంచాను.

ఆదివారం పొద్దున నాయన ఉలి పట్టుకుని కూర్చున్నాడు. పాళెగాని కూతురికి కండ్లు పెట్టాడు. తర్వాత గుడ్డ తీసి, గుర్రాలవాని మొగం చాలాసేపు చూసి, ఉలి కింద పెట్టేశాడు.

"పెట్టు నాయనా. నీ కాళ్లు మొక్కుతా."

"పెడితే వాడు నన్ను సూస్తాడు కదమ్మా. నేనేం జవాబు సెప్పల్ల?"

కాళ్ల మీద పడ్డాను. ఆయన ఏడ్చాడు. తిట్టినా బాగుండేది, తెగించి లేచిపోయేదాన్ని. రైలు పోయింది. ఫోను మోగి మోగి ఆగిపోయింది.

హోటలు వాళ్లు బొమ్మను అట్లాగే తీసుకుపోయారు. ప్రేమలో కళ్లు మూసుకున్నాడనుకున్నారట.

నాయన కాలం చేసినాక, నిరుడు, ఆయన ఉలి సంచిలో వేసుకుని ఆ హోటలుకు పోయాను. బొమ్మ వెనక దీపం పెట్టారు. ఆమె కండ్లలోంచి వెలుతురు వస్తోంది. అతనికి ఆ చోట ఉత్త తోలు. జనం ఇంకా రాలేదు. కుర్చీ ఎక్కాను. రెండు పోట్లు చాలు. ఉలి మొన ఆ గాటు దాకా పోయింది.

పెడితే అతను నన్ను చూస్తాడు. ఆ ఆదివారం ఎందుకు రాలేదని అడుగుతాడు.

కుర్చీ దిగి, ఉలి సంచిలో వేసుకుని వచ్చేశాను.