కూర్చున్నవాడు ఎక్కడికి పోతాడు

మా నాన్న కాశీకి వెళ్లి వస్తానని చెప్పాడు. అందులో వెళ్లడం వరకే నిజమైంది. అప్పటికి నాకు పాలపళ్లు కూడా ఊడలేదు. అమ్మ నేటికీ నుదుట కుంకుమ పెట్టుకుంటుంది. పెట్టుకోవచ్చా లేదా అని చుట్టాలు పెళ్లిళ్లలో భోజనాలయ్యాక తగువులాడుకుంటారు. వెళ్లేముందు నాన్న కొన్నాళ్లు వీధరుగు మీద కళ్లు మూసుకుని కూర్చునేవాడట. అందుచేత మా ఇంట్లో మగవాడు పేకాడినా క్షమిస్తారు గాని, పగటిపూట కళ్లు మూసుకుంటే మాత్రం గురక వినిపించి తీరాలి.

నాకు ధ్యానం అంటుకున్నది కాలవ పడవలో. అప్పట్లో నరసాపురంలో ఒక ధాన్యం కొట్లో గుమాస్తాని. పని మీద పాలకొల్లు వెళ్తుంటే లాకు తలుపులు తెరవక పడవ అక్కడే నిలిచిపోయింది. అందరూ లాకు మనిషిని తిడుతున్నారు. ఒక ముసలాయన మాత్రం కళ్లు మూసుకుని హాయిగా కూర్చున్నాడు. ఆయన కళ్లు తెరిచాక అడిగాను.

“ఏం చేస్తున్నారండీ?”

“ఊపిరి వస్తోంది, పోతోంది. గమనిస్తున్నాను.”

“అంతేనాండీ?”

“అంతే. మనసు ఎటో పోతుంది. మళ్లీ తెచ్చుకోవాలి. తిట్టకుండా తెచ్చుకో, అబ్బాయ్.”

మర్నాడు పొద్దున్నే అరుగు మీద కూర్చున్నాను. ముక్కు దురద పెట్టింది. దాన్ని ఓర్చుకునేసరికి దోమ వచ్చింది. మనసు ఎటో పోతుందన్నారు గాని, నాది తిన్నగా వంటింట్లోకి పోయింది. తిట్టకుండానే తెచ్చాను. వస్తూ వస్తూ ఆవకాయ జాడీని వెంటబెట్టుకొచ్చింది.

కళ్లు తెరిస్తే ఎదురుగా అమ్మ. వాకిట్లో ముగ్గు సగంలో ఆగిపోయి ఉంది. మర్నాడు నేను కూర్చోగానే అమ్మ చిన్న రోలు దొర్లించుకొచ్చి, నా చెవి పక్కనే పసుపుకొమ్ములు దంచింది.

“ఇప్పుడెందుకమ్మా?”

“పసుపు అయిపోయిందిరా.”

ఆ వారమంతా మా ఇంట్లో పసుపు అయిపోతూనే ఉంది.

కబురు పెనుగొండలో ఉన్న మా మేనత్తకి చేరింది. బండి దిగకముందే ఏడుపు అందుకుంది.

“అచ్చం అన్నయ్యే వదినా! ఆ మూతీ, ఆ కూర్చోడం! వీడూ పోతాడు!”

“పోయేవాణ్ణయితే చెప్పులేసుకుని కూర్చోనా అత్తయ్యా?”

“నోర్ముయ్! వేళాకోళాలకేం తక్కువ లేదు. దూడ పలుపేదీ వదినా?”

ఆ తాడు ఒక కొస నా కాలికీ, రెండో కొస అరుగు స్తంభానికీ కట్టింది. వీధి వీధంతా చూస్తోంది. పాలావిడ కుండ దింపుకుని మరీ నిలబడింది. అమ్మ ఆపుతుందనుకున్నాను. అమ్మ వంగి, ముడి సరిగ్గా పడిందో లేదో చూసింది.

నాకు ఒళ్లు మండింది.

“ఇంకో కాలుంది, అదీ కట్టండి. నేను రోజూ కూర్చుంటాను, మీరు రోజూ కట్టుకోండి. నాన్న లేచి వెళ్లిపోయాడమ్మా. నేను కూర్చున్నాను. రెండూ ఒకటేనా?”

అమ్మ మొహం పక్కకి తిప్పుకుంది.

“ఆయనా ముందు కూర్చునే ఉన్నారు,” అంది.

కళ్లు మూసుకున్నాను.

అత్తయ్య పెనుగొండ వెళ్లిపోయింది గాని, ముడి నిలిచిపోయింది. పొద్దున్నే నేనే కాలు చాపేవాణ్ణి, అమ్మ కట్టేది. కొన్నాళ్లకి పాలావిడ ఆగడం మానేసింది. వెలుగులేమైనా కనిపిస్తున్నాయా అని కొట్లో అడిగేవారు. కళ్లు మూసుకుంటే ఏం కనిపిస్తుందండీ? అయినా మానలేదు. మానితే, నేనూ పోయే బాపతేనని సంతకం పెట్టినట్టే.

కార్తీకమాసంలో ఇరుగుపొరుగమ్మలంతా పడవ మాట్లాడుకుని పాలకొల్లు క్షీరారామానికి బయల్దేరారు. నాన్న వెళ్లిపోయాక అమ్మ నన్ను వదిలి ఒక్క పూటైనా ఊరు దాటలేదు. ఆ రోజు ఎందుకో తనూ మూట కట్టుకుంది. ఆ సందడిలో అమ్మ అరుగు దగ్గరికి వచ్చేసరికి నేను కూర్చుని చాలాసేపయింది. అలవాటుగా కాలు చాపాను. అమ్మ వంగలేదు.

“నేనొచ్చేసరికి ఇంట్లో ఉంటావా?”

“ఎక్కడికి పోతానమ్మా? కాలు మొద్దుబారి చచ్చింది. గుమ్మం కూడా దాటలేను.”

అమ్మ నా కాలికేసి కాసేపు చూసింది.

“బారనీ,” అని, పలుపు స్తంభానికే వదిలేసి, పడవ కోసం గబగబా నడిచింది.