నా ఎముకల సంగతి చెప్పిన మేడం

మొన్న గురువారం పొద్దున అమ్మ ఫోన్ చేసింది. ప్రొద్దుటూరులో మేడం పోయిందని చెప్పింది. మా ఇంట్లో మేడం అంటే ఒక్కరే. కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైన మా పాత పక్కింటావిడ.

మాది ముద్దనూరు దగ్గర పల్లె. ఊరు రెండు పార్టీలుగా చీలి, బాంబుల చప్పుడు మామూలైపోయిన రోజుల్లో నాన్న అమ్మనూ నన్నూ ప్రొద్దుటూరులో బాడుగింట్లో ఉంచాడు. అవతలి పార్టీవాళ్లూ తమ పిల్లల్ని అక్కడికే పంపారు. బడి అందరికీ ఒకటే. ఒకరోజు ఆటలో ఆ పార్టీ నాయకుడి కొడుకు నన్ను తోశాడు. నా తొడ ఎముక విరిగింది.

నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లి కట్టు కట్టించింది మేడమే. మేము ఇల్లు చేరేసరికి నాన్న జీపు నిండా మనుషులతో దిగాడు. వాళ్లు ఎవరింటి మీదికి పోబోతున్నారో వీధి మొత్తానికీ తెలుసు. మేడం ఎక్స్‌రే పట్టుకుని జీపుకు అడ్డంగా నిలబడింది. మీకు సంబంధం లేని యవ్వారమిది, పక్కకు పొమ్మన్నాడొకడు. ఆమె కదల్లేదు.

"అప్పా, ఆ పిల్లోడు తోసింది నిజమే. అంతమాత్రానికి మోకాలు గీరుకుంటాది గానీ తొడ ఇరగదు. ఈడ చూడు, ఇవన్నీ మనకు తెలీకుండానే అతుక్కున్న పాత ఇరుగుళ్లే. ఇవి ఎవరు కొట్టినారు? బిడ్డ ఎముకల్లోనే ఏదో లోపముండాది."

నాన్న ఆ ఫిల్మును ఎండకు పట్టి చాలాసేపు చూశాడు. "అయితే నేను ఊరికే ఉండాల్నా?" అన్నాడు.

"ఉండొద్దు. పెద్ద డాక్టరు దగ్గరికి పోదాం పా."

జీపులోని మనుషులు దిగారు. వాళ్ల చోట నన్ను పడుకోబెట్టారు.

పెళుసు ఎముకల జబ్బని మాత్రం అప్పుడు తేలింది. నన్ను బడికి పంపాలంటే నాన్నకు భయం. ఇంట్లో కూర్చున్నా ఇరుగుతాది, బడికి పోతే చదువన్నా వస్తాది అంది మేడం. ఆ మాట పుణ్యమే, ఇప్పుడు పులివెందులలో పిల్లలకు లెక్కలు చెప్తున్నాను.

అసలు కారణం నేను పెద్దయ్యాక రక్తపరీక్షలో బయటపడింది. పీపీఐబీ అనే జన్యువులో లోపం. మేడం దాని గురించి చదువుకుని మరీ మా పల్లెకు వచ్చింది. ఎముకకు బలమిచ్చే కొల్లాజెన్ మూడు పేటల తాడులాంటిదట. ఆ పేటలు సరిగ్గా మడతపడి పెనవేసుకోవడానికి ఒక ఎంజైము సాయపడాలి. ఆ ఎంజైమును తయారుచేసే జన్యువే నాలో చెడింది.

అమ్మానాన్నలది మేనరికం. అయినా నా జబ్బు తేలినప్పటి నుంచీ నాన్నవాళ్లమ్మ అయిన అవ్వ, మా అమ్మ కడుపునే తిట్టేది. మేడం అవ్వ పక్కన కూర్చుని, "ఒక్కరి వల్లే అయితే బిడ్డకు వచ్చిండేది కాదు అవ్వా. ఇద్దరి దగ్గరా చెడిన జన్యువు ఒగోటి ఉండాది. తప్పు ఎవరిదీ కాదు" అంది. అమ్మ వంటింట్లోకి పోయి వెక్కివెక్కి ఏడ్చింది. తర్వాత తమ్ముడికి మేనరికం మాటొస్తే, ముందు రక్తం చూపించండని పట్టుబట్టింది అవ్వే.

మేడం ఇంటికి మెట్లెక్కువ. మొన్న గురువారం కడచూపుకు పోతే నా చక్రాల కుర్చీ కిందే ఆగిపోయింది. ఆమె దగ్గర చదివిన ఒకామె వచ్చింది, నాకు ముఖపరిచయం కూడా లేదు. చేతులు పట్టి లాగలేదు. ఒక అరచెయ్యి వీపు కింద, ఇంకోటి మోకాళ్ల కింద పెట్టి మెల్లగా లేపింది. ఎముకలు పెళుసుగా ఉండేవాళ్లను ఎట్ల ఎత్తాలో మేడం ల్యాబ్‌లో అందరికీ నేర్పించిందట. ఆమె చేతుల్లోంచే మేడం ముఖాన్ని చివరిసారి చూశాను.