గలీనా ఎదురొచ్చిన ఉదయం

రామకృష్ణ మాస్కోలో కెమెరా పని చదువుకుని, పట్టాతోపాటు గలీనా అనే రష్యన్ పెళ్ళాన్నీ వెంటబెట్టుకుని వచ్చాడు. ఫిల్మ్‌నగర్‌లో మేడ మీద రెండు గదుల్లో కాపురం పెట్టారు. 1988 నాటికి రెండేళ్ళయింది. ఆ రెండేళ్ళూ వీధి వీధంతా గలీనాను చూసింది గానీ ఒక్కరూ పలకరించలేదు. దగ్గరికొస్తే ఇంగ్లీషు మాట్లాడాల్సి వస్తుందేమోనని పక్కకు తప్పుకునేవారు. ఆవిడకూ ఇంగ్లీషు అంతంతమాత్రమేనన్న సంగతి కనుక్కునే ఓపిక ఎవరికీ లేకపోయింది. మన మొహమాటాలు మనుషుల ప్రాణం మీదికి తెస్తాయి.

మొగుడు తెల్లారకముందే షూటింగుకు పోయేవాడు. షేక్‌పేట నుంచి వచ్చి అంట్లు తోమే మల్లమ్మ కూడా వెళ్ళిపోయాక, ఇంట్లో మాటన్నది వినపడేది కాదు. గలీనా పంతం పట్టింది. తెలుగు పాఠాల పుస్తకం ఒకటి సంపాదించి, పప్పు ఉడుకుతున్నంతసేపూ పైకి చదివేది. అద్దం ముందు నిలబడి తనకు తనే నమస్కారాలు పెట్టుకునేది. ఎదురింటి శారదాదేవితో నాలుగు మాటలు మాట్లాడాలని ఆవిడ కోరిక. మొక్కలకు నీళ్ళు పోస్తూ శారదాదేవి ఎప్పుడూ ఒంటరిగానే కనిపించేది.

శారదాదేవి భర్త చలపతిరావు నిర్మాత. వరసగా రెండు సినిమాలు బోల్తా కొట్టాయి. మూడోది కూడా పోతే ఆయన తట్టాబుట్టా సర్దుకోవాల్సిందే. అలాంటి సినిమాకు రామకృష్ణను కెమెరామన్‌గా పెట్టుకున్నాడు. రెండేళ్ళు ఒకరి కింద లైటు మీటరు పట్టుకు తిరిగినవాడికి మొదటిసారి సొంతంగా కెమెరా దొరికింది. మొదటి షాట్‌కు ముహూర్తం ఆ ఉదయం తొమ్మిదీ పన్నెండుకు. రామకృష్ణ పొద్దున్నే స్టూడియోకు వెళ్ళిపోయాడు.

ఎనిమిదిన్నరకు శారదాదేవి శకునానికి నీళ్ళ చెంబుతో ఎదురు రాగా చలపతిరావు కారు గేటు దాటింది. రోడ్డవతల గలీనా, ఉతికిన చీర కట్టుకుని సిద్ధంగా నిలబడి ఉంది. మనసులో వందసార్లు అనుకున్న మాటల్ని, రెండు చేతులూ జోడించి, గట్టిగా అనేసింది.

“నమస్కారమండీ! ఎక్కడికి వెళ్తున్నారు?”

కారు ఆగిపోయింది. చలపతిరావు మొహం నల్లబడింది. దిగి, వెనక్కి నడిచి, ఇంట్లోకి వెళ్ళిపోయాడు. శారదాదేవి చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. గలీనా మాత్రం జవాబు కోసం ఇంకా నవ్వుతూనే నిలబడింది. పుస్తకం రాసిన మహానుభావుడు ఆ వాక్యాన్ని మూడో పాఠంలోనే పెట్టాడు గానీ, శుభానికి బయల్దేరే మనిషిని అలా అడగకూడదని ఏ పాఠంలోనూ రాయలేదు.

మల్లమ్మ మెట్ల మీంచి పరుగున వచ్చింది. “అయ్యో అమ్మా, గట్లడుగుతరా? మంచి పనికి పోయేటోళ్ళని ఏడికని అడిగితే ఆ పని చెడ్తదంటరు!”

ఇంతలో డ్రైవర్ జంగయ్య బయటికొచ్చి గొంతు తగ్గించాడు. “సారు కాళ్ళు కడుక్కొని కూసున్నడు. లేస్తలేడు. కెమెరామన్ భార్యనే అపశకునం పలికింది, ఆయన్ను తీసేస్తనంటున్నడు. పాత కెమెరామన్‌కు ఫోన్ కలుపుతుండు.”

గలీనాకు సగమే అర్థమయింది. ఆ సగం చాలు. రోడ్డు దాటి, చెప్పులు గుమ్మంలో వదిలి, పిలవని ఇంట్లోకి వెళ్ళింది.

హాల్లో గోడ గడియారం ఎనిమిదీ నలభై రెండు చూపిస్తోంది. చలపతిరావు చేతిలో ఫోను ఉంది.

“నాకు తెలియదండీ,” అంది గలీనా. మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. “మా ఊళ్ళో అడుగుతారు. అడిగితే సంతోషం. నేను మీకు మంచి చెయ్యాలని... ఆయన తప్పు లేదు. ఆయన్ని తియ్యకండి. నేను ఇంక తెలుగు మాట్లాడను.”

చలపతిరావు ఆమె వైపు చూడలేదు. “చూడమ్మా, నాకు నీ మీద కోపం లేదు. కానీ నా బతుకు దీని మీదుంది,” అని నంబరు తిప్పడం మొదలుపెట్టాడు.

శారదాదేవి వచ్చి ఫోను మీద చెయ్యి వేసింది. “ఆగండి. మా అమ్మమ్మ చెప్పేది. అడిగిన మనిషే మాట్లాడకుండా ఎదురొస్తే దోషం పోతుందిట. అపశకునం తెచ్చిన మనిషే దాన్ని పట్టుకుపోతుందిట.”

“నిజమేనా?”

“మీ ఇష్టం. టైమవుతోంది.”

ఆయన గడియారం వైపు చూశాడు. భార్య వైపు చూశాడు. ఫోను పెట్టేశాడు.

శారదాదేవి గలీనాకు తనే బొట్టు పెట్టి, చేతికి నీళ్ళ చెంబిచ్చింది. “నోరు విప్పకు. తుమ్మినా నా మీద ఒట్టే,” అంది. గలీనా పెదాలు బిగించి, నీళ్ళు తొణక్కుండా కారుకు ఎదురు నడిచింది. చలపతిరావు చెంబులో నీళ్ళు కళ్ళకద్దుకుని కారెక్కాడు. జంగయ్య కారును వాలులోకి ఉరికించాడు. ఎనిమిదీ యాభై.

ఇద్దరు ఆడవాళ్ళూ ఫోను ముందు కూర్చున్నారు. తొమ్మిదీ పన్నెండయింది. పదిహేనయింది. గలీనా ఇంకా పెదాలు విప్పలేదు. దారిలో అడ్డొచ్చే లారీల్ని తిట్టుకుంటూ శారదాదేవి వందసార్లు గడియారం చూసింది. తొమ్మిదీ ఇరవైకి ఫోను మోగింది. ఆవిడ విని, కళ్ళు మూసుకుంది.

“రెండు నిమిషాలుండగా చేరారట. మొదటి షాట్ బాగా వచ్చిందట. మీ ఆయనే తీశాడు. ఇక మాట్లాడమ్మా.”

మాట్లాడబోతే గలీనాకు ఏడుపొచ్చింది. వెక్కిళ్ళ మధ్య, “అమ్మమ్మగారికి... నమస్కారం,” అంది.

“అమ్మమ్మా లేదు, శాస్త్రమూ లేదు. అప్పటికప్పుడు నేనే పుట్టించాను.”

గలీనా తెల్లబోయింది. “ఎందుకండీ?”

శారదాదేవి చెంగుతో చేతులు తుడుచుకుంది. “మద్రాసులో ఇరవై రెండేళ్ళు కాపురం చేశాను. పక్కింటి అరవావిడ రోజూ పలకరించేది. నాకు వాళ్ళ భాష కాస్తో కూస్తో వచ్చు. తప్పు మాట్లాడితే నవ్వుతారని ఒక్కనాడూ నోరు విప్పలేదు. మేం ఇక్కడికి వచ్చేసే రోజు ఆవిడ గేటు పట్టుకుని ఏడ్చింది. ఆవిడ పేరేమిటో ఇప్పటికీ నాకు తెలియదు.” గలీనా వైపు తిరిగింది. “నీ పేరేంటమ్మా?”

గలీనా చెప్పింది. శారదాదేవి రెండుసార్లు తప్పు పలికి, సిగ్గుపడి నవ్వి, మళ్ళీ మొదలుపెట్టింది.