కోమ్లా అంకుల్ మగ్గం

ఇవాళ ఐర్లండ్‌లోని మా డ్రోహెడా ఊరి వీధిలో ఒకామె భుజాన కెంటే వస్త్రం చూసి ఆగిపోయాను. రిసెషన్ రోజుల్లో ఇక్కడ పెరిగిన నేస్తాల్లారా, మా పక్కింటి కోమ్లా అంకుల్ గుర్తున్నారా? ఘనాలోని ఎవే తెగ నేతగాళ్ల బిడ్డ. బెత్తెడు వెడల్పు కెంటే పట్టీలు నేసి, పక్కపక్కనే కలిపి కుట్టేవారు. వాటిలో రంగు పోగులతోనే చేపలు, పక్షులు పుట్టుకొచ్చేవి.

ఆయనకు బిల్డింగ్ పని పోయిన చలికాలం వాళ్లింట్లో హీటింగ్ ఆగిపోయింది. ఓ సాయంత్రం మేం వెళ్లేసరికి, ఆయనకు వాళ్ల నాన్న చేసిచ్చిన మగ్గం ముక్కలై ఫైర్‌ప్లేస్‌లో మండుతోంది. చీరాల నేతవారింట పుట్టిన మా అమ్మ బిత్తరపోయింది.

“మగ్గాన్ని కాలుస్తున్నారా బ్రదర్?”

“మా పాప చలికి వణికిపోతోంది సిస్టర్.”

అమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది.

తర్వాత ఆయనకు పని దొరికింది. మళ్లీ నేయమని నేనడిగితే, “చేతులు మర్చిపోయాయమ్మా” అనేవారు.