చెంపతో చూసే సెగ

లెక్కల మాస్టారు ఆదివారం వస్తే షెడ్డులో కొలిమి రాజేస్తారు. సరదాకి కమ్మరం నేర్చుకున్న నలుగురు స్నేహితులూ చేరి, కొత్తగా చేసిన కత్తులూ గొళ్ళాలూ చూపించుకుని, పందెం వేసుకుంటారు: ఒకసారి కాల్చిన చువ్వను చల్లారేలోగా కొక్కెంగా వంచాలి. చూపు మందగించిందని మాస్టారు ఎవరికీ చెప్పలేదు. ఎరుపు కంటికి ఆనక, చువ్వను చెంప దగ్గరికి తెచ్చుకుని సెగను బట్టి అంచనా వేసుకుంటారు. "ముద్దు పెట్టుకుంటున్నారా మాస్టారూ!" అని ఆ నలుగురిలో ఒకడైన దర్జీ ప్రతి వారం నవ్వేవాడు. ఈ వారం నవ్వలేదు. "నారింజ రంగుకొచ్చింది, ఇక తీసెయ్యండి," అన్నాడు మెల్లగా. తన చూపు సంగతి తెలిసిపోయిందని మాస్టారికి అర్థమైంది. పిచ్చిపట్టినట్టు సుత్తి దెబ్బలు వేశారు. "మీరే గెలిచారు!" అంటూ అందరూ చప్పట్లు కొట్టారు. మాస్టారు చువ్వను నీళ్ళలో ముంచి, వేళ్ళతో ఆ చివర నుంచి ఈ చివర దాకా తడిమారు. ఎక్కడా వంగలేదు.