వీధి మొత్తానికి ఒకే సున్నా

బాగ్‌బేరాలో మా వీధికి అమ్మవారి పండుగ చందా ఎంతో నా భార్య చెప్పేది. మొదటి ఇల్లు మాది కాబట్టి చందా పుస్తకం ముందు మా గుమ్మానికే వచ్చేది. ఆవిడ చెప్పిన అంకెకు ఎవరూ తగ్గేవారు కాదు, ఎవరూ మించేవారూ కాదు. మించితే పెద్దింటిని, అంటే మమ్మల్ని, చిన్నబుచ్చినట్టు. శ్రీకాకుళం వైపు నుంచి ఈ హిందీ ప్రాంతానికి వచ్చి స్థిరపడ్డ మావాళ్ళ పద్ధతి ఇది. అందుకే అంకె చెప్పేముందు ఆవిడ మా ఇంటి సంగతి కాదు, వీధి చివరి ఇంటి సంగతి ఆలోచించేది. ఆ ఇంట్లో భర్త పోయిన ఒక అమ్మాయి ఉంటుంది. నాలుగిళ్ళలో వంట చేసి బతుకుతుంది. ఆమె ఇవ్వగలిగినదే వీధి చందా.

మా ఇంటి ముందు రోడ్డు మీద పగలంతా లారీలే. బట్టలు ఆరేసే ముందు తీగను తడిగుడ్డతో తుడవాలి, ఆరాక మళ్ళీ దులపాలి. నా డైరీలో చాలా రోజులు దుమ్ము సంగతితోనే మొదలవుతాయి. నా భార్యకు ఊపిరి జబ్బు వచ్చాక డాక్టరు దుమ్ముకు దూరంగా ఉండమన్నాడు. దూరంగా ఎక్కడికి పోతాం? ఆవిడే పొద్దున్నే బకెట్లతో నీళ్ళు తెచ్చి, వాకిలి ముందు రోడ్డంతా తడిపేది. ఆ కాసేపు హాయిగా ఊపిరి పీల్చుకునేది.

పోయిన వేసవిలో ఒకమ్మాయి సర్వేకు వచ్చింది. పక్కనే పర్సుడీహ్‌లో ఉండే తెలుగువాళ్ళ పిల్లే. రోడ్డు మీద రోజూ నీళ్ళ లారీ తిప్పాలని, పక్కన చెట్లు నాటాలని ఆలోచన ఉందట. దానికి ఏ వీధివాళ్ళు ఎక్కువ విలువ ఇస్తే అక్కడ ముందు మొదలుపెడతారట. నా భార్య ముఖం విప్పారింది.

"రోజూ తడుపుతారేటే? నిజమేనా?"

"హాఁ ఆంటీ. దానికోసం మీరు నెలకి ఎంత ఇవ్వగలరు? అంతే, ఒక్క నంబర్ చెప్పండి."

ఆవిడ వీధి చివరకేసి చూసింది.

"ఇదే మాట ఇంటింటికీ అడుగుతావేటి?"

"అందరినీ అడగాలి కదా."

"అయితే సున్నా రాసుకో."

"జీరోనా? దుమ్ము మీకు పర్వాలేదా ఆంటీ?"

"పర్వానేదని ఎవులన్నారే? దగ్గుతన్నాను, కనబడ్డంలేదేటి? సదూకున్నదానివి, సున్నా రాయడం రాదా?"

ఆ అమ్మాయి నవ్వి ట్యాబ్‌లో నొక్కేసింది. పక్కింటివాళ్ళు ఆ అమ్మాయిని అడిగిన మొదటి మాట నాకు వినిపించింది. "పెద్దింట్లో ఎంత సెప్పారు?" ఆ పూట వీధి వీధంతా సున్నా చెప్పింది.

"ఇది చందా కాదు, ఎవరి మాట వాళ్ళదే," అన్నాను ఆవిడతో.

"నాను ఒక అంకె సెప్పీసినాక ఆ సివరింటి పిల్ల ఇవ్వనేనని ఎలా అంటాదండీ? నెలనెలా ఎక్కణ్ణించి తెచ్చిత్తాది?"

సర్వే అమ్మాయికి ఫోన్ చేసి మా వీధి పద్ధతంతా చెప్పాను. ఓపికగానే వింది. "సమఝ్ గయీ అంకుల్, అర్థమైంది. కానీ కారణం రాయడానికి ఇందులో చోటు లేదు. సున్నా అంటే అక్కర్లేదనే లెక్క," అంది. నేను రైల్వేలో వ్యాగన్లు తూచే కాటా దగ్గర పనిచేసి రిటైరయ్యాను. నిండు వ్యాగన్ బరువు పక్కనే ఖాళీ వ్యాగన్ బరువు కూడా రాసేవాళ్ళం. అది లేకపోతే ఆ అంకెను ఎవరూ ఒప్పుకునేవారు కాదు.

వానలు వెళ్ళాక నీళ్ళ లారీ వచ్చింది. పక్క వీధి దాకా తడిపి, మలుపులోనే వెనక్కి తిరిగిపోతుంది. అప్పటికి నా భార్య మంచం దిగడం లేదు. కిటికీ పక్కనే పడుకుని రోజూ అడిగేది.

"మన కాడికి వత్తాదా?"

"వస్తుంది," అనేవాణ్ణి.

ఒక పొద్దున కిటికీలోంచి తడిమట్టి వాసన వచ్చింది. లేచి చూశాను. చివరి ఇంటి అమ్మాయి, వంట పనికి పోయేముందు, మా కిటికీ ఎదురుగా రోడ్డు మీద బకెట్‌తో నీళ్ళు చల్లుతోంది.

"లారీ వచ్చిందేటండీ?"

"వచ్చింది."

కొన్నాళ్ళు అలాగే గడిచింది. ఒకరోజు ఆవిడ కళ్ళు తెరవకుండానే నవ్వింది.

"లారీకి బకెట్ సప్పుడు ఉంటాదేటండీ?"

నేను ఆవిడ దుప్పటి సరిచేశాను.

"ఆ పిల్లని మానీమనండి. నడుం పడిపోద్ది."

చలి ముదరకముందే ఆవిడ వెళ్ళిపోయింది. ఆ అమ్మాయి మాత్రం ఇప్పటికీ మా కిటికీ ముందు నీళ్ళు చల్లాకే వంట పనికి పోతుంది. నా భార్య చెప్పమన్న మాట నేను ఆమెకు ఇంకా చెప్పలేదు. రేపు చెప్దామనుకుంటాను. తెల్లారేసరికి తడిమట్టి వాసన వస్తుంది. లేచి కిటికీ తీస్తాను, ఖాళీ మంచం మీద కూర్చుంటాను.