ఆళ్లగడ్డ పలికిన సాయంత్రం

ముందుగా ఒట్టు పెట్టి చెబుతున్నాను. ఎదురుగా మా నాయన ఫోటో ఉంది, చెయ్యి బైబిలు మీద ఉంది. ఇందులో ప్రతి అక్షరమూ నిజం. నన్నెరిగినవాళ్ళు ఈ మాట చదివి నవ్వుతారని తెలుసు. నవ్వుకోనీయండి, నన్నెరగనివాళ్ళ కోసమే నేను రాస్తున్నది.

మొన్న మా ఇంట్లో ఇంటర్నెట్టు పెట్టడానికి ఒక అబ్బాయి వచ్చాడు. గోడకు తెల్లటి పెట్టె బిగించి, దారంలాంటి సన్నటి తీగ దాంట్లో దూర్చి, నేను కాఫీ కలుపుకొని వచ్చేలోపల అయిపోయింది సార్ అన్నాడు. ఏ వేగం పెట్టావు, అవతలి చివర ఎవరున్నారు, ఏ పోర్టుకు ఏం చెప్పావు అని నేను వరసబెట్టి అడుగుతుంటే నావంక జాలిగా చూసి, అదంతా అదే చూసుకుంటుంది సార్ అని, కాఫీ ముట్టకుండానే వెళ్ళిపోయాడు. రెండు గ్లాసులూ నేనే తాగుతూ కూర్చున్నాను. ఒకప్పుడు నంద్యాలకూ ఆళ్లగడ్డకూ నడుమ రెండు యంత్రాలను పలకరింపజేయడానికి మేము పడ్డ పాట్లు, మన ఈడువాళ్ళకు తప్ప ఇంకెవరికి చెబితే నమ్ముతారు?

అది ఎనభయ్యో దశకం చివర. నేను పనిచేసే విత్తనాల కంపెనీకి నంద్యాలలో పెద్దాఫీసు, ఆళ్లగడ్డలో గోడౌనుతో కలిసిన చిన్న శాఖ ఉండేవి. యజమానిని అందరం పెద్దాయన అనేవాళ్ళం. ఆళ్లగడ్డ శాఖను చూసుకునేది మా మేనమామ. నాకు ఆ ఉద్యోగం ఇప్పించిందీ ఆయనే. కర్నూలులో నేను నేర్చుకున్న నాలుగు ముక్కల కంప్యూటరు చదువు గురించి ఆయన పెద్దాయనకు చెప్పిన తీరు వింటే, దాన్ని కనిపెట్టింది నేనేనేమోనని నాకే అనుమానం వచ్చింది. ఉన్నదానికి కాస్త చేర్చి చెప్పే గుణం నాకు తల్లివైపు నుంచి వచ్చిందని మీకీపాటికి అర్థమై ఉంటుంది.

నంద్యాల ఎండలు మీకు తెలియనివి కావు. ఆ ఎండల్లో మా ఆఫీసు మొత్తానికి ఏసీ ఉన్నది ఒక్క కంప్యూటరు గదికే. చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలి. ఎండాకాలం ముదిరేసరికి పెద్దాయన బంధువులందరికీ ఉన్నట్టుండి కంప్యూటరు విద్య మీద శ్రద్ధ పుట్టింది. వాళ్ళ మేనత్త ఒకామె రోజూ మధ్యాహ్నం భోంచేసి వచ్చి, ఇది లెక్కలెట్లా చేస్తుందో చూస్తానని దాని ఎదురుగా చాప పరుచుకొని నిద్రపోయి, కాఫీవేళకు లేచి, బాగానే చేస్తాంది అని మెచ్చుకొని ఇంటికి వెళ్ళేది.

ఆ యంత్రం వెనకవైపు వరసగా బెజ్జాలుండేవి, వాటినే పోర్టులంటారు. ఒక్కో పోర్టుకూ, నీ తీగ చివర ఫలానావాళ్ళున్నారు, వాళ్ళతో ఇంత వేగంగా, ఈ పద్ధతిలో మాట్లాడాలి అని ముందే చెప్పిపెట్టాలి. చెప్పకపోతే ఎవరినీ గుర్తుపట్టదు, తప్పు చెబితే ఇంకా గోల. ఆళ్లగడ్డకని పంపిన పలకరింపును నేను పొరపాటున అకౌంటెంటు గదిలోని ప్రింటరు పోర్టుకు మళ్ళించినప్పుడు, అది పిచ్చి గీతలన్నీ కొడుతూ కట్ట కట్ట కాగితాలు బయటికి తోసింది. పాపం ఆ అకౌంటెంటు మరునాడు దాని మీద నిమ్మకాయ పెట్టి, అది ఎండిపోయేదాకా తియ్యనివ్వలేదు.

ఇంతకూ ఆళ్లగడ్డకు తీగ ఎందుకు కలపాలంటే, అక్కడ సాయంత్రం దాకా అమ్మిన లెక్క నంద్యాలకు మరునాడు బస్సులో వచ్చేది. ఆలోపల ఇక్కడివాళ్ళు అవే బస్తాలను ఇంకొకరికి ఇస్తామని మాట ఇచ్చేసేవాళ్ళు. ఒక తొలకరికి ఒకే పొద్దుతిరుగుడు విత్తనం కోసం, కోయిలకుంట్ల వైపు నుంచి వచ్చిన రైతులూ నంద్యాల నుంచి పోయినవాళ్ళూ గోడౌను ముందు చొక్కాలు పట్టుకున్నారు. అప్పుడు పెద్దాయన తమ్ముడు తేల్చి చెప్పాడు. "రెండు తావుల కొట్లు పెట్టి రెండు తావులా తిట్లు తినేదెందుకన్నా? ఆళ్లగడ్డకు తాళమేసి పారేద్దాం. లెక్కంతా ఈడనే ఉంటాది."

పెద్దాయన వెంటనే ఒప్పుకోలేదు కానీ కొట్టిపారేయనూ లేదు. వచ్చే తొలకరిలోగా ఏ రోజు లెక్క ఆ రోజు సాయంత్రానికి కంప్యూటరులోకి వస్తే శాఖ ఉంటుంది, రాకపోతే ఉండదు అన్నాడు. మామకు అప్పటికే యాభై దాటాయి. మా అత్త ఆ ఊళ్ళోనే చర్చివాళ్ళ మిషను బడిలో టీచరు, బదిలీ లేని ఉద్యోగం. శాఖ మూస్తే ఆమె అక్కడ, ఈయన ఎక్కడో. ఇదంతా తెలిసి కూడా మామ నాతో ఒక్క మాటే అన్నాడు. "నీ చేతిలో ఉండాది అల్లుడా. నాకు బస్తాలు తెలుసు గానీ బెజ్జాలు తెలియవు."

ఫోను తీగకూ పోర్టుకూ నడుమ మోడెం అనే పెట్టె ఉండేది. అది అంకెలను కూతగా మార్చి ఫోనులోకి పంపుతుంది, అవతలి ఊళ్ళో ఇంకొక మోడెం ఆ కూతను మళ్ళీ అంకెలు చేస్తుంది. ఆ పెట్టెల వెనక గోటితో పైకీ కిందికీ తోసే చిన్న చిన్న మీటలుండేవి. ఈ చివర మీటలు ఎట్లా ఉన్నాయో ఆ చివరా అట్లాగే ఉండాలి, లేకపోతే ఒకరు తెలుగు మాట్లాడుతుంటే ఇంకొకరు అరవం విన్నట్టే. నేను ఆళ్లగడ్డకు పోయి, మామ లెక్క టైపు చేయడానికి కొన్న చిన్న కంప్యూటరుకు పెట్టె బిగించి, మీటలు సరిచేసి వచ్చాను. సాయంత్రం మామ టెలిఫోను ఎక్స్ఛేంజికి చెప్పి, ఊరి నుంచి ఊరికి కలిపే ట్రంకు కాలు బుక్ చేసి, అది ఎప్పుడొస్తుందో అని కూర్చొని, తీరా వచ్చాక నేను నొక్కు మామా అనగానే ఇద్దరం ఎవరి పెట్టె ముందున్న బొత్తాం వాళ్ళం నొక్కాలి. అప్పుడు మాట తెగిపోయి, పిల్లి తోక తొక్కినట్టు గీ మని కూత మొదలవుతుంది. కూత బాగానే మొదలైంది కానీ, నా తెర మీద పడింది మాత్రం కోళ్ళు కెలికిన ముగ్గు.

మీటలు ముట్టుకున్నావా అని అడిగితే, నువ్వు పెట్టిపోయినట్లే ఉండాయి అన్నాడు మామ. మళ్ళీ బస్సెక్కి పోయి చూస్తే అన్నీ పైకే ఉన్నాయి. నేనే పొరబడ్డానేమో అనుకొని సరిచేసి వచ్చాను. మరునాడు మళ్ళీ ముగ్గే. ఈసారి చెప్పకుండా పొద్దున్నే పోయాను.

మా మామ సంగతి మీకు ఒకటి చెప్పాలి. ఆయన గోడౌనులో బస్తాలు దారం పట్టి పేర్చినట్టుండేవి. ఒక్క బస్తా మూతి వరస తప్పి బయటికొస్తే హమాలీలను పిలిచి మొత్తం దింపించి మళ్ళీ పేర్పించేవాడు. చర్చిలో కూడా ప్రార్థన మొదలయ్యేలోపల బెంచీలన్నీ ఒక వరసకు జరిపితే తప్ప ఆయనకు కూర్చోబుద్ధి అయ్యేది కాదు. అటువంటి మనిషి ఆ పొద్దు భుజం మీది తువ్వాలతో మోడెం తుడిచి, చిటికెన వేలితో మీటలన్నిటినీ ఒక్కొక్కటే పైకి తోస్తున్నాడు.

"ఏంది మామా, ముట్టుకోలేదంటివి?"

"ముట్టుకునేదేముంది దీంట్లో, సర్దినా అంతే. కొన్ని పైకి, కొన్ని కిందికి, పండ్లూడిన నోరు మాదిరి ఉంటే చూసేకి బాగుంటాదా? వచ్చినోళ్ళు ఏమనుకుంటారు?"

ఆయనకు చెప్పి మాన్పించవచ్చు. అయితే నేను ఆ మనిషిని పుట్టినప్పటినుంచీ ఎరుగుదును. చెబితే ఊ అంటాడు, పొద్దున తువ్వాలు చేతికి రాగానే ఆ వేలు దానంతటదే పోతుంది. మామను మార్చడం కన్నా కంప్యూటరును మార్చడం సులువనిపించింది. నంద్యాలకు వచ్చి, ఇక్కడి పెట్టె మీటలు కూడా అన్నీ పైకి తోసేసి, మీటలన్నీ పైకుంటే ఏ వేగమో, ఏ పద్ధతో మోడెం కంపెనీవాళ్ళిచ్చిన పుస్తకంలో వెతికి, పోర్టుకు ఆ మాటే చెప్పాను. ఆ సాయంత్రం మొదటిసారిగా తెర మీద జొన్నలు ఇన్ని, పత్తి విత్తనాలు ఇన్ని అని శుభ్రంగా అక్షరాలు పడ్డాయి. నేను కుర్చీ మీద నుంచి లేచి ఎగిరినట్టు, ఆ పూట కాఫీవేళ దాటినా చాప మీద నుంచి లేవని పెద్దాయన మేనత్తగారు తరవాత అందరికీ చెప్పింది.

ఎగిరి కింద పడేలోపలే అక్షరాలు ఆగిపోయాయి. మరునాడూ అంతే, ఆ మరునాడూ అంతే. సరిగ్గా పొద్దుతిరుగుడు దగ్గరికి వచ్చేసరికి తెగిపోతుంది. ఎందుకో తెలియడానికి నాకు బుర్ర బద్దలైంది కానీ, ఆ రోజుల్లో ట్రంకు కాల్స్ మాట్లాడిన మీరు ఈపాటికి కనిపెట్టే ఉంటారు. మూడు నిమిషాలు కాగానే ఎక్స్ఛేంజి ఆవిడ నడుమ దూరి, టైము అయింది, పొడిగించమంటారా అని మర్యాదగా అడుగుతుంది. మనుషులైతే ఊ అంటారు. యంత్రాలకు ఆ మర్యాద తెలియదు. ఆమె గొంతు పడగానే కూతలో కూత కలిసి రెండూ బెదిరిపోయేవి, ఎవరూ ఊ అనకపోయేసరికి ఆమె లైను తీసేసేది.

ఆళ్లగడ్డ ఎక్స్ఛేంజి ఆవిడ మా అత్తకు ఆదివారం చర్చిలో పక్కన కూర్చునే మనిషి. తొలకరి దగ్గరపడుతోంది, పెద్దాయనా తమ్ముడూ స్వయంగా చూడ్డానికి వస్తామన్న రోజు ఎల్లుండి. అత్త బడికి సెలవు పెట్టి, నన్ను వెంటబెట్టుకొని ఆమె దగ్గరికి తీసుకుపోయింది. విషయం వినగానే ఆవిడ రెండు చేతులూ ఎత్తేసింది.

"అడగకపోతే నా ఉద్యోగం ఏం గావాలక్కా? పైగా ఆ లైనులో ఏందది, గొంతు పిసికినట్లు అరుస్తాంది. చెడిపోయిందేమో, పాపం దుడ్లు పోతాయని నేనే పీకేస్తాండా."

"ఏమ్మే, ఆదివారం మా ఆయన పాట ఎత్తుకుంటే అంతకంటే అధ్వానంగా ఉంటాది గదా. ఏ పొద్దన్నా లేసిపోయినావా?"

ఆమె నవ్వు ఆపుకోలేక తలకు పెట్టుకున్న చెవిపెట్టె తీసి పక్కన పెట్టింది. చివరకు తేలిందేమిటంటే, ఎన్ని పొడిగింపులు కావాలో మామ ముందే చెబితే ముందే రాసుకుంటుంది. ఆ కూత వినబడుతున్నంతసేపూ నడుమ దూరదు. కూత ఆగితేనే చూస్తుంది.

పెద్దాయనా తమ్ముడూ వస్తామన్న రోజు కంప్యూటరు గదిలో చాప తీయించేశారు. పెద్దాయన కొబ్బరికాయ కొట్టించి యంత్రానికి బొట్టు పెట్టించాడు. అవతలి చివర మామ మోకరించి ప్రార్థన చేశాడని అత్త తరవాత చెప్పింది. ఇన్ని ఆశీర్వాదాలతో మొదలైన ఫోను కాలు ఆ తాలూకాలో ఇంకొకటి ఉండదు. జొన్నలు వచ్చాయి, పత్తి వచ్చింది. మూడు నిమిషాలు దగ్గరికొచ్చాయి. తమ్ముడు గడియారం వంకా నా వంకా చూసి, "ఇంక తెగుతాది చూడన్నా" అన్నాడు. తెగలేదు. పొద్దుతిరుగుడు వచ్చింది, కందులు వచ్చాయి, ఆఖరికి మొత్తం కూడిక వచ్చింది. దాని కింద, ఎవరూ అడగని ఒక వరస, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: అయ్యగారికి నమస్కారం, ఇక్కడ అందరం క్షేమం.

పెద్దాయన ఆ వరసను కూడబలుక్కొని చదివి, తెరకు చేతులెత్తి నమస్కారం పెట్టాడు. పక్కన అంతమంది ఉన్నారని కూడా చూసుకోలేదు. ఆళ్లగడ్డ శాఖ ఉంటుంది అని అక్కడికక్కడే చెప్పాడు. మామ ఆ గోడౌనులోనే, ఆ బస్తాల నడుమే పనిచేసి, అక్కడే రిటైరై, అత్తతో కలిసి సాయంత్రాలు అరుగు మీద కూర్చున్నాడు.

ఇప్పుడు ఎవరికైనా ఏదైనా పంపాలంటే వేలు ఆనిస్తే చాలు, అది చేరిందో లేదో చెప్పే గుర్తు కూడా అదే వేసుకుంటుంది. సంతోషమే. కానీ అప్పట్లో ఒక మాట చేరాలంటే అవతలివాళ్ళ చెయ్యి ఎట్లాంటిదో, వాళ్ళు పొద్దున లేచి ఏది తుడుస్తారో, ఏది సర్దుతారో తెలుసుకోవలసి వచ్చేది; నడుమ కూర్చున్న ఆమెను నవ్వించవలసి వచ్చేది. ఇవాళ నా మాట ఎన్ని చేతుల మీదుగా పోతోందో నాకు తెలియదు, వాటిలో ఒక్క చెయ్యీ నన్నెరగదు.

ఒట్టు పెట్టాను కాబట్టి, లేచేముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. నిమ్మకాయ నిజం, మీటలు నిజం, మేనత్త చాప కూడా నిజమే. మామ అక్కడే రిటైరయ్యాడన్నది మాత్రం నేను కల్పించింది. ఆ యేడు తొలకరంతా లెక్క ఎంత చక్కగా వచ్చిందంటే, మరుసటి యేడు తమ్ముడు, అంకెలు వాటంతటవే వస్తాంటే ఆడ అంత పెద్ద మనిషెందుకన్నా అన్నాడు. శాఖను తూకాలు వేసే అతనికి అప్పగించి, మామను గౌరవంగా నంద్యాల ఆఫీసుకు పిలిపించారు. అత్త అక్కడే ఉండిపోయింది. ఆయన ఇక్కడ ఒక గది తీసుకొని, శనివారం బస్సుకు పోయి సోమవారం బస్సుకు వచ్చేవాడు. ఈ కథ నేను చాలామందికి చెప్పాను, చెప్పిన ప్రతిసారీ ఆయన గోడౌను ఆయనకు తిరిగి ఇచ్చేశాను. కథ చెప్పేవాడికి ఆ మాత్రం అధికారం కూడా లేకపోతే ఎట్లా?

సాయంత్రం ట్రంకు కాలు వచ్చే వేళకు మామ చెప్పులు బయట విడిచి, నా వెనకగా వచ్చి కూర్చునేవాడు. కూత మొదలయ్యేది. అది ఆగిపోయేదాకా కదలకుండా విని, "పలుకుతాంది అల్లుడా" అని లేచి వెళ్ళేవాడు.